ఇన్‌వార్డు నంబరు లేని వార్త

(పింఛనుదారుల దినం సందర్భంగా దేవరకొండలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17వ తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో పింఛను ఎవరి దయాధర్మం కాదని, అది ఉద్యోగి హక్కని తీర్పు చెప్పింది. దానికి గుర్తుగా ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. డి.ఏ. గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నన్ను మాత్రం కార్యదర్శి గారు పిలిచి, "మీరు ఫోనులో సైన్సు వార్తలు, వాతావరణం వార్తలు పోగుచేసి అందరికీ పంపుతుంటారు కదా, ఆ అలవాటు గురించి పది నిమిషాలు చెప్పండి" అన్నారు. సరేనన్నాను. కానీ నా గొప్ప చెప్పుకోవడానికి రాలేదు. ఆ అలవాటులో నేను చేసిన ఒక తప్పు చెప్పుకోవడానికి వచ్చాను.

నేను సైన్సు చదివినవాణ్ణి కాదు. హెచ్.ఎస్.సి. పాసై, ఎల్.డి.సి.గా చేరి, సీనియర్ అసిస్టెంటుగా 2008లో రిటైరైనాను. నా చదువంతా ఫైళ్ళలోనే. అయితే పేపర్లో నీళ్ళ గురించి, భూమి గురించి, ఆకాశం గురించి ఏదైనా కనబడితే కత్తిరించి దాచే అలవాటు సర్వీసులో ఉన్నప్పటినుంచే ఉంది. మన నల్గొండ జిల్లాలో పుట్టినవాడికి నీళ్ళ గురించి తెలుసుకోవాలని ఎవరూ చెప్పనక్కర లేదు. పచ్చబడిన పళ్ళు, వంగని మెడలు, కర్ర లేనిదే లేవలేని నడుములు చూస్తూ పెరిగినవాళ్ళం.

1996 లోక్‌సభ ఎన్నికలు మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటాయి. ఫ్లోరైడు నీళ్ళ గోడు దేశానికి తెలియాలని నల్గొండ స్థానానికి జనం కుప్పలుగా నామినేషన్లు వేశారు. చివరికి బరిలో 480 మంది మిగిలారు. నేనప్పుడు నల్గొండలో ఎన్నికల పని మీద ఉన్నాను. బ్యాలెట్ పేపరు కాగితంలా కాక పుస్తకంలా ఉంది. మడవలేక అవస్థపడ్డాం, విసుక్కున్నాం. రాత్రి పడుకున్నాక మాత్రం అనిపించింది, గుక్కెడు మంచినీళ్ళ కోసం ఒక జిల్లా ఇంత పెద్ద అర్జీ పెట్టుకోవలసి వచ్చిందే అని. ఆ రోజునుంచి నా కత్తిరింపులకు ఒక ఫ్లాట్ ఫైలు తెరిచాను. 2003లో లంబాపురం, పెద్దగట్టు దగ్గర యురేనియం గనులు తవ్వుతామన్న ప్రతిపాదన మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు ఆ ఫైలు రెండో సంపుటానికి వెళ్ళింది.

2018లో మా అమ్మాయి కొడుకు నాకు టచ్ ఫోను కొనిచ్చి, వెతకడం నేర్పించాడు. "తాతా, నీకు ఏం కావాలో తెలుగులో రాసినా వస్తుంది" అన్నాడు. నేను మొదట రాసింది "నల్గొండ". వచ్చినవాటిలో ఒకటి చూసి ఆశ్చర్యపోయాను. ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియా దేశాల్లో కూడా మనలాగే భూగర్భజలంలో ఫ్లోరైడు ఉంది. అక్కడ నీటిని శుద్ధి చేయడానికి వాడి చూసిన పద్ధతుల్లో ఒకదాని పేరు "నల్గొండ పద్ధతి". మన జిల్లా పేరు అంతదూరం పోయింది!

ఆ పద్ధతిని 1970 దశకంలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ, అంటే నీరి, రూపొందించింది. నీళ్ళలో లెక్క ప్రకారం సున్నం, పటిక, బ్లీచింగు పౌడరు వేస్తారు. మొదట గట్టిగా కలియదిప్పి, తర్వాత మెల్లగా కదిలిస్తారు. కాసేపటికి తెల్లని తరకలు కట్టి, ఫ్లోరైడును పట్టుకొని మడ్డిగా అడుక్కు దిగుతాయి. పైన తేరిన నీళ్ళు తీసుకోవాలి. ఎంత పటిక వేయాలన్నది ఆ నీళ్ళలో ఎంత ఫ్లోరైడు ఉంది, ఎంత క్షారం ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. అందాజాగా వేస్తే కుదరదు, మడ్డిని పారబోయడమూ ఒక సమస్యే. పటిక, సున్నం మన ఇళ్ళలో ఉండే వస్తువులే కదా, వాటితో ఇంత పని జరుగుతుందా అని నాకు చాలా సంతోషం వేసింది.

ఆ సంతోషం ఒక్కడినే పెట్టుకోలేక మన సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పదిమంది మెచ్చుకున్నారు. ఇంక చూడండి! తెల్లవారి లేవగానే వర్షపాతం, మధ్యాహ్నం పులులు, సాయంత్రం గ్రహాలు. 2023 ఆగస్టు 23న సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగినప్పుడు గ్రూపులో మొదటి సందేశం నాదే. నన్ను "సైన్సు సారు" అనడం మొదలుపెట్టారు. నలభై ఏండ్లు గుమాస్తా అనిపించుకున్నవాడికి సారు అనే మాట ఎంత తియ్యగా ఉంటుందో మీకు వేరే చెప్పాలా?

ఇప్పుడు తప్పు సంగతికి వస్తాను.

2021లో నాకొక సందేశం వచ్చింది. "బోరు నీళ్ళను అరగంట బాగా మరిగిస్తే ఫ్లోరైడు ఆవిరైపోతుంది. శాస్త్రవేత్తలు తేల్చారు. పదిమందికి పంపండి." ఏ శాస్త్రవేత్తలు, ఎక్కడ, ఎప్పుడు అని ఏమీ లేదు. నీళ్ళు కాచి తాగడం మంచిదే కదా అనుకొని, మన గ్రూపుకు, బంధువుల గ్రూపుకు, మా ఊరివాళ్ళకు పంపాను. పంపి మరిచిపోయాను.

2023 చివర్లో ఒకరోజు నల్గొండ పద్ధతి గురించి మళ్ళీ చదువుతూ మా ఇంటామెకు వివరిస్తున్నాను. ఆమె పొయ్యి దగ్గరనే ఉండి అంతా విని, "మరి కాగబెడితే పోతదని అప్పుడు మీరే చెప్పిన్రు గద. కాగబెడితే పోయేదానికి వాళ్ళు గింత పటిక, గింత సున్నం ఎందుకు కొన్నరు?" అంది. నేను జవాబు వెతుక్కుంటుంటే మళ్ళీ తనే అంది: "చారుల ఉప్పెక్కువైతే ఇంకింత మసలబెడితే ఉప్పు తగ్గుతదా?"

నా నోట మాట రాలేదు. ఉప్పు తగ్గదు, చారు చిక్కబడి ఇంకా ఉప్పగా అవుతుంది. ఫ్లోరైడు సంగతీ అంతే. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి, అది నిజం. కానీ ఫ్లోరైడు ఆవిరితో పోదు, నీళ్ళు పోయి అది మిగులుతుంది. లీటరులో 2 మిల్లీగ్రాములున్న నీళ్ళు సగానికి మరిగాయనుకోండి, మిగిలిన నీళ్ళలో లీటరుకు 4 మిల్లీగ్రాముల లెక్కన ఉంటుంది. మన దేశపు ప్రమాణాల ప్రకారం తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. ఇంత చిన్న లెక్క, జీతాల బిల్లులు కట్టిన నేను వేసుకోలేదు.

వెంటనే ఊళ్ళో ఉన్న మా పెద్దక్కకు ఫోను చేశాను. ఆమెకు 80 దాటినై. మోకాళ్ళ నొప్పి చిన్నప్పటి నీళ్ళదే. "అక్కా, ఏం నీళ్ళు తాగుతున్నవ్?" అన్నాను. ఆమె అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"ఏందిరా తమ్మీ, నువ్వు పంపినవే గద! నల్లా నీళ్ళు మందు వాసనొస్తయి, నాకు పొసగవు. బోరు నీళ్ళే పెద్ద గిన్నె నిండ కాగబెట్టి, సగానికొచ్చినంక సల్లార్చుకొని తాగుతున్న. నువ్వు చెప్పినంక ఇంక భయమేముంది?"

కృష్ణా నీళ్ళు ఇంటి ముందరి నల్లాలో వస్తుంటే, నా మాట నమ్మి రెండేండ్లు బోరు నీళ్ళు చిక్కబెట్టుకొని తాగింది. మరునాడే బస్సెక్కి ఊరికి పోయినాను. ఆ బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టి పరీక్షకు ఇచ్చాను. ఫ్లోరైడు పరిమితి దాటి ఉందని వచ్చింది. ఆమె నొప్పులకు ఆ రెండేండ్లు ఎంత కారణమో ఏ డాక్టరూ చెప్పలేడు. కానీ ఆ గిన్నె పొయ్యి మీద పెట్టించింది నేనే. నల్లా నీళ్ళు కుండలో పోసి, ఒక పూట మూతికి గుడ్డ కట్టి ఉంచితే వాసన చాలావరకు పోతుందని చూపించి వచ్చాను. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. "తెలవక పంపినవు, పోనీయ్" అంది. తిట్టినా బాగుండేది.

మిత్రులారా, ఆఫీసులో తప్పుడు ఉత్తర్వు పోతే మరో ఉత్తర్వుతో రద్దు చేసేవాళ్ళం. ఎవరెవరికి పోయిందో ఔట్‌వార్డు రిజిస్టరులో ఉండేది. ఫోనులో పంపినదానికి ఆ రిజిస్టరు లేదు. నేను నూటికి పంపితే వాళ్ళు ఎంతమందికి పంపారో ఎవరికీ తెలియదు. ఆ రాత్రి గ్రూపులో "నేను 2021లో పంపినది తప్పు" అని రాయడానికి రెండు గంటలు పట్టింది. రాసిన తర్వాత ఇద్దరు ముగ్గురు పర్వాలేదన్నారు. మిగతావాళ్ళు చూసి ఊరుకున్నారు. తప్పు వార్తకు వచ్చినన్ని మెచ్చుకోళ్ళు దిద్దుబాటుకు రావు. అయినా రాయాలి.

మరునాడు ఒక లెడ్జరు పుస్తకం కొని గీతలు కొట్టాను. మనకు అలవాటైన పనే. వరుస నంబరు, వచ్చిన తేదీ, ఎవరు పంపారు, మొదట చెప్పింది ఎవరు, వాళ్ళు చెప్పిన తేదీ, ఏ ఊరి సంగతి, ఎక్కడ సరిచూశాను, చివరి గడి తీసుకున్న చర్య. మొదట చెప్పింది ఎవరన్న గడి ఖాళీగా ఉంటే ఆ వార్త నా దగ్గరే ఆగిపోతుంది. ఇన్‌వార్డు నంబరు పడని కాగితం మీద మనం ఎన్నడైనా నోటు పెట్టామా?

ఈ గడుల వల్ల ఏం లాభమో రెండు ఉదాహరణలు చెబుతాను. ఒకసారి నల్లమలలో యురేనియం వెతకడానికి అనుమతి ఇచ్చారని, ఈ రోజే జరిగినట్టు సందేశం వచ్చింది. మన చందంపేట అవతల అడవే కదా, అందరం ఉలిక్కిపడ్డాం. తేదీ గడి నింపబోతే తేలింది, అది 2019 నాటి వార్త. ఆ సంవత్సరం సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించిన సంగతి ఆ సందేశంలో లేదు. వార్త అబద్ధం కాదు, పాతబడింది. పాత ఉత్తర్వును కొత్తదని చూపడం ఎంత తప్పో మనకు తెలుసు.

రెండోది, 2024 డిసెంబరు 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. దూరదూరాల జిల్లాల్లోనూ జనం బయటికి పరుగెత్తారు. అది నిజం. ఆ వెంటనే "ఈ రాత్రికి ఇంకా పెద్దది వస్తుంది, ఇళ్ళలో పడుకోవద్దు" అని ఒక సందేశం నాకు వచ్చింది. భూకంపం ఫలానా రోజు ఫలానా గంటకు వస్తుందని ముందే చెప్పే విద్య ఈనాటికి ప్రపంచంలో ఏ శాస్త్రవేత్త దగ్గరా లేదు. ఆ సందేశం నా దగ్గర ఆగింది. చలిరాత్రి బయట పడుకోకుండా కొందరైనా ముసలివాళ్ళు ఇంట్లో పడుకున్నారనుకుంటాను.

విశ్వకిరణాల వార్త కూడా మీకు తెలిసిందే. రాత్రి 12.30 నుంచి 3.30 వరకు ఫోన్లు ఆపేయాలని ఏండ్ల తరబడి తిరుగుతూనే ఉంది. మన మిత్రులొకరు ఫోను బియ్యం డబ్బాలో పెట్టి, పొద్దున అలారం వినబడక బస్సు తప్పిపోయారు. వారు ఇక్కడే నవ్వుతున్నారు గనుక పేరు చెప్పను.

ఇదంతా విని "అయితే ఎందుకీ తంటా, ఏమీ పంపకుండా ఉంటే పోలేదా" అనుకోకండి. తెలుసుకోవాలన్న కోరిక చెడ్డది కాదు. రిటైరైన తర్వాత నాకు మిగిలిన సంపాదనలో అది మంచిది. మా నీళ్ళు ఎందుకిలా ఉన్నాయి అంటే, మన కింద ఉన్న గ్రానైటు రాళ్ళలోని ఖనిజాలనుంచి ఫ్లోరైడు కరిగి నీళ్ళలో కలుస్తుందని నాకిప్పుడు తెలుసు. అది ఎవరి శాపమూ కాదని మనుమడికి చెప్పగలను. మండలాలవారీ వర్షపాతం, వాతావరణ శాఖ హెచ్చరికలు ఇప్పుడు ఫోనులోనే దొరుకుతాయి. పొలం ఉన్నవాడికి పనికొస్తాయి, పిడుగులు పడే రోజు చెట్టు కిందికి పోవద్దని చెప్పడానికి పనికొస్తాయి. పంచుకోవాలి. కానీ సంతకం పెట్టే ముందు కాగితం చదివినట్టు, చదివి పంచుకోవాలి.

ఎందుకంటే మన మాటకు ఊళ్ళో ఇంకా విలువ ఉంది. తండాలో అయినా, పేటలో అయినా "సర్కారు నౌకరీ చేసినాయన చెప్పిండు" అంటే నమ్ముతారు. మనం చదవకుండా పంపేది వాళ్ళు చదవకుండానే నమ్ముతారు. మన పదవి పోయింది గానీ మన సంతకం ఇంకా చెల్లుతున్నది. దాన్ని ఎవరో పేరు తెలియనివాడు రాసిన కాగితం మీద పెట్టవద్దని నా మనవి.

మీలో ఎవరైనా 2021లో నేను పంపిన ఆ నీళ్ళ సందేశాన్ని ఇంకెవరికైనా పంపి ఉంటే, దయచేసి ఇంటికి పోగానే వాళ్ళకు ఒక ఫోను చేయండి. "కాగబెడితే ఫ్లోరైడు పోదు" అని చెప్పండి. నా పేరే చెప్పండి. నా రిజిస్టరులో మొదటి వరుస ఆ సందేశానిదే. చివరి గడి ఇంకా నిండలేదు.

మా అక్క బాగానే ఉంది, కుండలో నల్లా నీళ్ళు తాగుతున్నది. మొన్న ఫోను చేసి, "తమ్మీ, పొద్దుతిరుగుడు గింజలు తింటే సూపు వస్తదని ఎవరో పంపిన్రు, నిజమేనా?" అని అడిగింది. పంపే ముందు అడుగుతున్నది. నాకు అంతకన్నా ఏం కావాలి?