స్కౌటు బాలునికి మడత చాకు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ గ్రంథాలయమును గూర్చి నాకంటె బాగుగా తెలిసిన పెద్దలు ఈ వేదికమీద మాట్లాడియున్నారు. నేను స్కౌటు శిబిరములలో బాలురతో చాలకాలము గడిపినవాడ నగుటచే, తల్లిదండ్రులకు పనికివచ్చు చిన్న విషయ మేదైన చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. శిబిరము దగ్గరపడినపుడెల్ల తండ్రులు న న్నడుగు ప్రశ్న యొకటి కలదు. "మాస్టారూ, మావాడు చాకు కావాలని పేచీ పెడుతున్నాడు. కొనిపెట్టమంటారా? కొంటే ఎలాంటిది కొనమంటారు?" ప్రశ్న చిన్నదే. కాని నే నొకసారి ఆ విషయమున పొరపాటు చేసితిని. ఆ పొరపాటుతోనే మొదలుపెట్టెదను.

చాల యేండ్ల క్రిందట ఒక శిబిరమునకు బయలుదేరుచు, పదునొకం డేండ్ల బాలునికి నేనే చాకు కొనియిచ్చితిని. తిరునాళ్ల అంగడిలో దొరికినది. ఎర్రని పిడి, తళతళలాడు మెరుగు. లోపల కత్తెర, రంపము, చెంచా, మూత తీయు కొక్కెము మొదలుగా తొమ్మిది పనిముట్లు. వెల స్వల్పము. వానికంటె నేనే యెక్కువ ముచ్చటపడితిని. రెండవనాడు వాడు డేరా మేకులకై వెదురు చెక్కుచుండెను. అలుగు మొద్దుది, వెదురులో దిగలేదు. వాడు మొన గ్రుచ్చి బలముగా నొత్తెను. వెనుకనున్న కమాను బలహీన మగుటచే అలుగు మడతపడి చూపుడువ్రేలిపై మూసికొనెను. నాలుగు కుట్లు పడినవి.

మరునాడు వాని తల్లి వచ్చినది. నేను క్షమాపణ చెప్పబోగా ఆమె యిట్లనెను: "చాకు ఇచ్చారని మిమ్మల్ని ఏమీ అనను మాస్టారూ. వాడు ఇంట్లో కొడవలి పట్టి గడ్డి కోస్తాడు. ఎన్నడూ చెయ్యి తెగలేదు. ఆ కొడవలి వాళ్ల తాత దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడు. మీరు ఇచ్చారు గానీ నేర్పలేదు." నాకు మారుమాట రాలేదు. ఇచ్చుట, నేర్పుట అనునవి ఒకే పనిలోని రెండు సగములని ఆనాడు తెలిసికొంటిని. ఈ ప్రసంగమంతయు ఆ తల్లి మాటకు వ్యాఖ్యానమే.

స్కౌటునకు చాకెందుకని కొంద రడుగుదురు. 1907లో ఇంగ్లండునందలి బ్రౌన్‌సీ ద్వీపమున బేడెన్ పవెల్ కొద్దిమంది బాలురతో మొదటి శిబిరము నడపినది మొదలు, తన పని తాను చేసికొనుటయే స్కౌటు విద్యకు పునాది. మన దేశమున 1909లో బెంగుళూరున ప్రారంభమైన ఈ ఉద్యమము, అనేక శాఖలుగా నడచి, 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అను ఒకే సంస్థగా ఏర్పడినది. శిబిరమున త్రాడు కోయవలెను, మేకు చెక్కవలెను, కూరగాయలు తరుగవలెను, పొయ్యి రాజేయుటకు ఎండుపుల్లలను సన్నని పేళ్లుగా చీల్చవలెను. ఇవియే చాకు పనులు. గైడ్లుగానున్న మన బాలికలకును ఇవి సమానమే. చాకు పనిముట్టేగాని ఆయుధము కాదను మాట మొదటిరోజుననే పిల్లల చెవిని వేయవలెను.

ఇక ఎంపిక. మొదట పరిమాణము. చాకును తెరచినపుడు పిడి బాలుని పిడికిలిలో నిండుగా ఇమిడి, కొద్దిగా వెలికి కనబడవలెను. పిడి మరీ చిన్నదైన పట్టు దొరకదు. పెద్దదైన చేయి అలసి జారును. పది పండ్రెండేండ్లవారికి రెండున్నర మొదలు మూడంగుళముల అలుగు చాలును. ఇంతకు మించిన పొడవు పనికి కాక ప్రదర్శనమునకే ఉపకరించును.

రెండవది తెరచియుంచు ఏర్పాటు. కొన్ని చాకులలో వెన్నుననున్న కమాను మాత్రమే అలుగును నిలిపియుంచును. వెనుకకు నొక్కినచో మడతపడును. కొన్నిటిలో అలుగు తెరవగనే బిగించు తాళము కలదు. ఫ్రాన్సు దేశమునందలి సవోయ్ ప్రాంతమున 1890లో జోసెఫ్ ఒపినెల్ అను నతడు కొయ్యపిడితో, ఒక్క అలుగుతో సాదా చాకును చేసెను. 1955లో దానికి త్రిప్పి బిగించు ఉక్కు ఉంగరమును చేర్చిరి. చిన్నపిల్లలకై గుండ్రని మొనతో వచ్చు రకము కూడ కలదు. క్రొత్తగా నేర్చుకొనువానికి తాళముగలదియే మేలు. అయితే తాళమున్నదను ధైర్యముతో మొనను గ్రుచ్చి ఒత్తరాదు. మూయునపుడు వ్రేళ్లు అలుగు దారిలో లేకుండ చూచుకొనవలెను. తాళము తప్పును కొంత ఆపునేగాని నేర్పునకు బదులు కాజాలదు.

మూడవది పనిముట్ల సంఖ్య. స్విట్జర్లాండున కార్ల్ ఎల్సెనర్ 1897లో సైనికాధికారులకై రూపొందించిన అనేక పనిముట్ల చాకు లోకప్రసిద్ధము. అది మంచి వస్తువే. కాని అట్టిదానిని చూచి చౌకగా చేసిన అనుకరణలలో పనిముట్లు హెచ్చినకొలది పిడి లావై, ఏ యొక్కటియు సరిగా పనిచేయదు. తొలి చాకునకు ఒక్క మంచి అలుగు చాలును. మరియొకటి కావలెనన్న డబ్బా మూత తీయునది చేర్చుకొనవచ్చును.

నాల్గవది ఉక్కు. కార్బను ఉక్కు సానకు త్వరగా లొంగి వాడి పదును నిచ్చును. కాని తడి తగిలిన తుప్పు పట్టును, నిమ్మకాయ కోసిన నల్లబడును. తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ ఉక్కులో క్రోమియము నూటికి సుమారు పదిన్నర పాళ్లకు తక్కువ కాకుండ ఉండును. సముద్రపుగాలి సోకు గ్రామములవారికి, మరచిపోవు స్వభావముగల పిల్లలకు ఇదియే అనుకూలము.

అంగడిలో ఇట్లు పరీక్షింపుడు. చాకును అయిదారుసార్లు తెరచి మూయుడు. బాలుని గోటికి అలుగు లొంగుచున్నదా? లొంగనిచో మరియొకటి చూడుడు. తెరచిన అలుగును ప్రక్కలకు మెల్లగా కదపుడు, ఊగినచో వలదు. మూసినపుడు మొన పిడిలో పూర్తిగా దాగవలెను. పదునును బొటనవ్రేలితో చూడరాదు; కాగితము కోసి చూడవలెను. మీట నొక్కగనే అలుగు బయటికి దూకు చాకులు, సినిమాలలో దుండగీండ్రు ఝళిపించు రాంపురి చాకులు బాలుర చేతి వస్తువులు కావు.

చట్టము మాటయు చెప్పవలెను. 2016 నాటి ఆయుధ నియమావళి, ఇంటి పనులకు, వ్యవసాయమునకు, శాస్త్ర పారిశ్రామిక అవసరములకు చేసినవి తప్ప, తొమ్మిదంగుళములకు మించిన పొడవు గాని రెండంగుళములకు మించిన వెడల్పు గాని గల కత్తులను ఆయుధములలో చేర్చినది. మన మూడంగుళముల చాకు ఆ కొలతకు రాదు. అయినను దానిని బడికి, తిరునాళ్లకు, సినిమాకు కొనిపోరాదు. విమానమున చేతిసంచిలో అనుమతింపరు. శిబిరమున వాడుక, ఇంట పెద్దల పెట్టెలో నిలువ, ఇదియే పద్ధతి.

నేర్పుట యెట్లు? మొదట బాలుని కూర్చుండబెట్టుడు. మూసిన చాకు పట్టుకొని చేయి చాచి చుట్టును త్రిప్పుమనుడు. ఆ వలయములో ఎవరైన నున్నచో చాకు తెరవరాదు. కోత ఎల్లప్పుడు దేహమునకు దూరముగా సాగవలెను. ఎడమచేయి అలుగునకు వెనుక నుండవలెను. తెరచిన చాకుతో నడువరాదు. ఒకరి కిచ్చునపుడు మూసి ఇయ్యవలెను. చాకుతో మరలు త్రిప్పరాదు, మూతలు పెకలింపరాదు. ప్రకృతిని ప్రేమింతునని చెప్పిన స్కౌటు పచ్చనిచెట్టుపై తన పేరు చెక్కరాదు. పని తీరిన వెంటనే తుడిచి, కీలున ఒక చుక్క నూనె వేయవలెను. మొద్దుబారినచో సానపెట్టవలెను, నా శిబిరమున వ్రేలు తెగినది పదునుచే కాదు, పదును లేమిచే. తెగినచో శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి, చేయి పైకెత్తి, గాయము లోతైనచో వైద్యునివద్దకు తీసికొనిపోయి ధనుర్వాతపు సూదిమందు విషయము అడుగవలెను.

ఏ వయస్సున నీయవలెనని అడుగుదురు. సంవత్సరముల లెక్క నొక్కదానినే చూడకుడు. "ఆగు" అన్నంతనే చేయి ఆపువాడు, తీసిన వస్తువును తీసినచోటనే పెట్టువాడు, తప్పు చేసినపుడు దాచక చెప్పువాడు చాకునకు తగినవాడు. ఈ మూడును లేనివానికి పదునారేండ్లు వచ్చినను తొందర వలదు.

మరుసటి యేడు ఆ బాలుడే శిబిరమునకు మరల వచ్చినాడు. ఈసారి ఒక్క అలుగు, కొయ్యపిడి, బిగించు తాళముగల సాదా చాకును తెచ్చితిని. ఇచ్చుటకు ముందు వాని తల్లి అనుమతి నడిగితిని. ఇచ్చినపిదప మూడు దినములు వాని ప్రక్కన కూర్చుంటిని. వాడు చెక్కిన మేకులతో మా డేరా నిలిచినది. వాని వ్రేలిమీది మచ్చ మాత్రము మానలేదు. దానిని చూచినపుడెల్ల నా పాఠము నాకు జ్ఞప్తికి వచ్చును.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా మన పిల్లల చేతికి పుస్తకము నిచ్చి, చింపక, పోగొట్టక తిరిగి తెత్తురని నమ్ముచున్నది. ఎట్లు చదువవలెనో చెప్పుచున్నది. చాకు విషయమునను ధర్మ మదియే. నమ్మి ఇండు, దగ్గర కూర్చుండి నేర్పుడు.