వివేకానందుడు చూసిన గుడిసెలు మనవే

(జాతీయ యువజన దినోత్సవం సందర్భంగా కొల్లేటికోటలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



రేపోమాపో భోగి. హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ మన పిల్లలు ఊళ్లకు చేరుకుంటున్నారు. కనుమ వెళ్లగానే మళ్లీ బస్సెక్కుతారు. వాళ్లెందుకు ఉండలేకపోతున్నారో ఈ రోజే మాట్లాడుకుందాం.

వివేకానందుడు 1863 జనవరి 12న కలకత్తాలో పుట్టారు. ఆ రోజును జాతీయ యువజన దినోత్సవంగా కేంద్ర ప్రభుత్వం 1984లో ప్రకటించింది. 1985 నుంచి జరుపుకుంటున్నాం. 1893 నాటి చికాగో సభ గురించి ప్రతి బడిలో చెబుతారు. మనం మరో మాట గుర్తు చేసుకోవాలి. 1899లో రెండోసారి పడమటి దేశాలకు ఓడలో వెళ్తూ ఆయన ఒక యాత్రా కథనం రాశారు. కొత్త భారతదేశం నాగలి పట్టిన రైతు గుడిసెలోంచి, చేపలు పట్టేవాడి ఇంట్లోంచి, చెప్పులు కుట్టేవాడి, వీధులు ఊడ్చేవాడి ఇళ్లలోంచి లేచి రావాలన్నది అందులో ఆయన చెప్పిన మాట సారం.

ఆ గుడిసెలు మనవే. మరి ఈ ఇళ్లలోని యువకుడి పేరు ఏ కాగితం మీద ఉంది?

ముందు చేను సంగతి. దాళ్వాకు దమ్ము చేసేదీ, నాట్లు వేయించేదీ, ఎరువు కొనేదీ కౌలుదారు. పంట మునిగితే నష్టపరిహారం, విత్తాలంటే బ్యాంకు అప్పు మాత్రం పాసుపుస్తకం ఉన్నవారి వైపే చూస్తాయి. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల కార్డు తెచ్చింది. దానికి భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన భయం. గట్టిగా అడిగితే కౌలు పోతుందేమోనని ఇతని భయం.

ఇక చెరువు సంగతి. 1999లో ఐదో కాంటూరు వరకు కొల్లేటిని వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సు బతకాలి, అందులో మనకు రెండో మాట లేదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలంటే దారి తెరిచి ఉండాలి. అయితే చాలాచోట్ల సొసైటీ పేరు వడ్డీలది, పెట్టుబడీ లాభమూ బయటివాళ్లవి అయ్యాయి. గట్టు తెగిన రోజున కూలి పోయింది మాత్రం మనవాళ్లకే. కలకత్తా దాకా లారీల్లో వెళ్లే బొచ్చె, శీలావతి లెక్కలో మన కుర్రాడి వాటా ఎంతో అతనికే తెలియదు.

వివేకానందుడి సహచరుడు అఖండానంద 1897లో ముర్షిదాబాద్ జిల్లా కరువు పల్లెల్లో గంజి, బియ్యం పంచడంతో ఆగలేదు. ఆ జిల్లాలోనే ఉండిపోయి, అనాథ పిల్లలకు చదువూ చేతిపనులూ నేర్పించారు. సేవ అంటే ఆయనకు ఊళ్లో నిలబడటం.

అందుకే ఈ రోజు మన సంఘం అడిగేవి ఇవి: యజమాని సంతకం షరతు లేకుండా, గ్రామసభ సాక్ష్యంతో కౌలుదారుకు కార్డు ఇవ్వాలి. మత్స్యకార సొసైటీ లెక్కలు ఏటా సభ్యులందరి ముందు చదవాలి. కొల్లేటిలో జిరాయితీ భూములున్న చిన్న రైతుకు న్యాయమైన పరిహారం తేల్చాలి. డ్రెయిన్లలో పూడిక, గుర్రపుడెక్క వర్షాలకు ముందే తీయాలి.

యువకులను మేము కోరేది కూడా ఉంది. పండగ సెలవుల్లో ఒక్క పూట మీ నాన్నగారి కౌలు కాగితం, సొసైటీ పుస్తకం తెరిచి చదవండి. చదువుకున్నది మీరు. పెద్దవాళ్లు వేలిముద్ర వేసిన చోట ఏం రాసి ఉందో వాళ్లకు వినిపించండి. పేరు లేనిచోట పేరు రాయించే పనికి మీరు రండి, మీ పక్కన సంఘం నిలబడుతుంది.

ఆయన పటానికి దండ వేశాం. ఇక కాగితాలు తీయండి.