పాఠశాలలో రాజకీయమునకు చోటెంత?

బోనకల్లు స్టేషనులో ఉదయమున ఖమ్మము వైపు పోవు బండికై నిలిచిన విద్యార్థులను మేము తరచు చూచుచుందుము. వారి మాటలలో సినిమాలతోపాటు రాజకీయమును దొరలుచుండును. అందు వింత లేదు. వేర్వేరు పార్టీల జెండాలు ప్రక్కప్రక్కన ఎగురు ఊళ్లు మావి. ఇంటి అరుగుమీద వినిన మాట బడి గడప దాటకుండునా?

కాని బంద్ నాటి సంగతి వేరు. ఏదో విద్యార్థిసంఘము పిలుపునిచ్చును, బడిగంట మ్రోగదు. "ఏమి నాయనా, నేడు బడి లేదా?" అని యెనిమిదవ తరగతి బాలుని అడిగినచో, "బందండీ" అనును. దేనికొరకు బందో ఆ పిల్లవానికి తెలియదు. మా విచారమంతయు ఆ తెలియకపోవుటను గూర్చియే.

విద్యార్థులకు రాజకీయము కూడదని శాసించుట మనకు క్రొత్త కాదు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహములలో వందేమాతర గీతమును నిషేధింపగా విద్యార్థులు సమ్మె చేసిరి. వందలాదిగా బహిష్కృతులైరి. నాగపుర విశ్వవిద్యాలయము వారిలో పలువురను చేర్చుకొన్నది, పి. వి. నరసింహారావుగారు అట్లు అక్కడ చదువు సాగించినవారే. నోరు మూయింపబోయిన విద్యాలయము పిల్లలను పోగొట్టుకొన్నదే గాని, వారి భావములను మార్పజాలకపోయినది.

ముప్పది యేండ్ల పిమ్మట, 1969 జనవరిలో, మన ఖమ్మముననే రవీంద్రనాథ్ అను విద్యార్థి తెలంగాణ రక్షణలను అమలు జరుపవలెనని నిరాహారదీక్ష పూనెను. ఆ కదలిక రాజధానికి ప్రాకినది. నెలల తరబడి తరగతులు సాగలేదు. కాల్పులలో యువకులు ప్రాణములు కోల్పోయిరి. వారి ఆవేదన సత్యమే. 1956లో పెద్దలు చేసికొన్న ఒప్పందము నిలువకపోగా, మూల్యము చెల్లించినవారు పిల్లలు.

ఆ సంవత్సరముననే, ఫిబ్రవరి 24వ తేదీన, అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పినది. 1965 డిసెంబరులో అయోవా రాష్ట్రమందలి డిమోయిన్ నగరమున కొందరు పిల్లలు వియత్నాం యుద్ధమృతులకై నల్లపట్టీలు ధరించి బడికి పోయిరి. వారిలో మేరీ బెత్ టింకర్ వయస్సు పదమూడేండ్లు. అధికారులు వారిని బడినుండి పంపివేసిరి. బడిలో అడుగిడినంత మాత్రమున విద్యార్థి భావప్రకటన హక్కును కోల్పోడనియు, చదువునకు గట్టి భంగము కలిగిననే అడ్డుకొనవచ్చుననియు కోర్టు తేల్చినది.

1984లో అచ్చట మరియొక చట్టము వచ్చినది. ప్రభుత్వ సహాయము పొందు ఉన్నత పాఠశాల, పాఠ్యములతో సంబంధము లేని ఒక్క విద్యార్థిసంఘమునకైనను చోటిచ్చినచో, రాజకీయాభిప్రాయము నచ్చలేదని వేరొక సంఘమును కాదనరాదు. సమావేశములు తరగతుల వేళ జరుగరాదు. బయటివారు ఆ సంఘమును నడుపరాదు, అదుపు చేయరాదు, నిత్యము హాజరు కారాదు. అచ్చటి బడులలోను డెమొక్రాట్ల పేరను, రిపబ్లికన్ల పేరను సంఘములు లేకపోలేదు. వారి తగవులును లేకపోలేదు. అయినను సంఘము పిల్లలది కావలెనన్న నియమము మనము గ్రహింపదగినది. మనవైపు విద్యార్థిసంఘములు పెక్కు పార్టీల కొమ్మలు. పిలుపు పైనుండి వచ్చును, బడి క్రింద మూతపడును.

పసివారికి ఈ గొడవ యేల అని కొందరు శ్రోతలు అడుగవచ్చును. 61వ రాజ్యాంగ సవరణచే 1989 నుండి పదునెనిమిదేండ్లకే ఓటు వచ్చుచున్నది. పదవ తరగతి ముగించిన పిల్లవానికి మూడేండ్ల వ్యవధి మాత్రమే కలదు. ఆ ఓటు నెట్లు వేయవలెనో తర్కించు అలవాటు అతనికి ఎచ్చట కలుగవలెను?

కావున మా ఊరి పెద్దలకు, ఉపాధ్యాయులకు మా మనవి యిది. శనివారము చివరి గంట తరువాత ఒక చర్చాసంఘము సాగనిండు. ఉపాధ్యాయుడు వినుచు కూర్చుండవలెను, పక్షము వహింపరాదు. అన్ని పక్షముల మాటకు సమానమైన వేళ యుండవలెను. చేరుమని గాని, మానుమని గాని ఎవ్వరిని నిర్బంధింపరాదు. బయటి నాయకులు గడప ఆవలనే యుండవలెను. ఇట్లయిన, వచ్చు బందునాడు "ఎందుకు?" అని మనము అడుగుటకు ముందే ఆ పిల్లవాడు పిలుపునిచ్చినవారిని అడుగును.