ఇంటర్నెట్ మాటలు: వెతికే ముందు తెలియాల్సినవి

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలు స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టేది, హజ్‌కు వెళ్ళదలచిన పెద్దలు పేరు నమోదు చేసుకునేది, మీలో చాలామంది విరాళం పంపేది ఇప్పుడు ఇంటర్నెట్‌లోనే. విశాఖలో అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. అంత పెద్ద వ్యవహారం మన ఊరికి వస్తున్నప్పుడు, అందులోని మామూలు మాటలు మన ఇళ్ళలో అందరికీ తెలిసి ఉండాలి. డబ్బు పోయేది ఎక్కువగా ఆ మాటలు తెలియని చోటే.

మొదట బ్రౌజర్, సెర్చ్ ఇంజన్. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు. అవి మనల్ని తీసుకెళ్ళే బండ్లు. గూగుల్, బింగ్ సెర్చ్ ఇంజన్లు. అవి దారి చెప్పేవి. అడ్రసు తెలిసినప్పుడు దారి అడగనక్కరలేదు, పై గడిలో టైపు చేసి నేరుగా వెళ్ళవచ్చు.

సెర్చ్ ఇంజన్ మనం అడిగిన క్షణంలో లోకమంతా గాలించదు. క్రాలర్ అనే ప్రోగ్రాం ముందే పేజీలు తిరిగి, ఏ పేజీలో ఏముందో పట్టీ రాసి ఉంచుతుంది. ఆ పట్టీ పేరు ఇండెక్స్. పోర్టులో ఏ సరుకు ఏ షెడ్డులో ఉందో రిజిస్టరు చూసి చెప్పినట్టే ఇదీ. మనం టైపు చేసే మాటలు కీవర్డులు. రిజిస్టరులో ఉన్నంత మాత్రాన సరుకు మంచిదని అర్థం కాదు కదా!

ఫలితాల పైన ‘స్పాన్సర్డ్’ అని ఉంటే అది డబ్బిచ్చి కొన్న చోటు, అంటే ప్రకటన. మోసగాళ్ళు కూడా అలా కొంటారు. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు సెర్చ్‌లో వెతకకండి. ఏటీఎం కార్డు వెనక ఉంటుంది, అక్కడ చూసుకోండి.

వెబ్‌సైటు అడ్రసులోని అసలు పేరు డొమైన్. దాని చివర చూడాలి. ‘డాట్ గవ్ డాట్ ఇన్’ అని ముగిస్తే ప్రభుత్వానిది. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్ ‘స్కాలర్‌షిప్స్ డాట్ గవ్ డాట్ ఇన్’. ‘గవ్’ మధ్యలో ఇరికించి చివర ‘డాట్ కామ్’ పెడితే అది సర్కారుది కాదు.

అడ్రసు మొదట ‘హెచ్‌టీటీపీఎస్’ ఉంటే మన వివరాలు దారిలో ఎవరూ చదవలేరని అర్థం. అవతలివాడు నిజాయితీపరుడని మాత్రం కాదు. దొంగ ఇంటికీ తాళం ఉంటుంది.

ఓటీపీ స్టీల్ ప్లాంటు గేటు పాసు లాంటిది. ఒక మనిషికి, ఒకసారికి. ఇంకొకరి చేతికిస్తే లోపలికి వెళ్ళేది వాళ్ళే. యూపీఐలో మనకు డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు. పిన్ అడిగారంటే డబ్బు మన ఖాతాలోంచి పోతోందన్నమాట.

మోసం జరిగితే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే, సొమ్ము చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ.

చివరగా దాతలకు మా మనవి. రంజాన్ నెలలో మన సొసైటీ పేరుతో లింకు గానీ, క్యూఆర్ కోడ్ గానీ వస్తే, తెరమీద కనిపించే ఖాతా పేరు చదివాకే పంపండి. అనుమానం వస్తే మాకు ఫోన్ చేసి అడగండి, ఎన్నిసార్లయినా చెబుతాం. జకాత్ పేదవాడి హక్కు. అది దారి తప్పకుండా చూడటం ఇచ్చే మీకూ, పంచే మాకూ బాధ్యతే.