మన ఊరి గాలివాన, మన వీధి మనుషులు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శిగారు ఫోను చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, కొత్త టెక్నాలజీ గురించి ఓ పావుగంట మాట్లాడు" అన్నారు. ఆ సంగతులు మనకంటే మన పిల్లలకే బాగా తెలుసు. అందుకని ఆయన్ని ఒప్పించి విషయం మార్చుకున్నాను. ముప్పై ఏళ్లుగా కట్టడాల పనిలో ఉంటూ ఈ విశాఖపట్నంలో నేను చూస్తూ వచ్చిన గాలి, వాన, చెట్లు, ఇరుగుపొరుగుల గురించి నాలుగు మాటలు చెబుతాను. చివర్లో మన బడి మైదానం గురించి ఒక మనవి ఉంది. ఓపిక పట్టి వినండి.

మన ఊరి వాతావరణం ఒక పట్టాన బయటివాళ్లకు అర్థం కాదు. మే నెలలో విజయవాడలో ఎండ 42 డిగ్రీలు దాటిన రోజున మన దగ్గర 35 దగ్గరే ఉండవచ్చు. అక్కడి చుట్టాలు "మీకేం, హాయిగా ఉన్నారు" అంటారు. ఇక్కడికి వచ్చి ఒక్క పూట ఉంటే చొక్కా పిండుకుంటారు. చెమట ఆరితేనే ఒంటికి చల్లదనం. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు. ఉక్కపోత అంటే ఇదే. దానికి విరుగుడు కూడా సముద్రమే ఇస్తుంది. ఎండకి నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. నేల మీద వేడిగాలి పైకి లేస్తే ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. మన చిన్నప్పుడు మధ్యాహ్నం రెండు దాటాక తరగతి గదిలో కిటికీ రెక్కలు టపటపా కొట్టుకునేవి, గుర్తుందా? సైన్సు మాస్టారు "అదిగో, పాఠం దానంతట అదే వచ్చింది" అనేవారు.

ఆ గాలి ఇప్పటికీ అదే వేళకి వస్తోంది. కాని తీరం పొడవునా, వీధుల పొడవునా ఎత్తయిన భవనాలు లేచాక ముందు వరుసలోవాళ్లకు అందినంత వెనక వీధులవాళ్లకు అందడం లేదు. ఆ భవనాల్లో కొన్ని కట్టిన చేతుల్లో నావీ ఉన్నాయి. కట్టడాలు వద్దని నేను అనను. మనుషులు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. కట్టినచోట ఏం మిగల్చాలన్నదే నేను మాట్లాడదలచుకున్నది.

మనం చదువుకున్న రోజుల్లో ఈ చుట్టుపక్కల వీధుల్లో ఇళ్లు ఎలా ఉండేవి? ముందు గేటు, గేటు పక్కన నందివర్ధనమో గన్నేరో, గోడవార మందార, కనకాంబరాలు, వెనక పెరట్లో మునగ, జామ, కరివేపాకు, గోరింటాకు, ఒక మూల నుయ్యి. ఒక ఇంట్లో లేనిది పక్కింట్లో ఉండేది. కరివేపాకు కొనుక్కోవడం అనే మాటే మా అమ్మ ఎరుగదు. మాకు మునక్కాయలు కాస్తే గోడ మీదుగా అటు వెళ్లేవి, అటునుంచి జామకాయలు ఇటు వచ్చేవి. ఆషాఢం వచ్చిందంటే వీధిలో ఆడపిల్లలంతా ఎవరింట్లో గోరింట చెట్టుంటే అక్కడ చేరేవారు. సింహాచలం కొండ సంపెంగలు బుట్టలో పెట్టుకుని అమ్మేవాళ్లు వస్తే, ఒకరు కొని నలుగురు తలల్లో పెట్టుకునేవారు.

చెట్టు వంకతో మనుషులు రోజుకోసారైనా మాట్లాడుకునేవారు. ఎవరింట్లో ఎవరికి జ్వరమో, ఎవరి అబ్బాయికి ఉద్యోగం వచ్చిందో, ఏ మామ్మగారు ఒంటరిగా ఉన్నారో తెలిసేది. అప్పట్లో దానికి ఎవరూ ఏ పేరూ పెట్టలేదు.

తర్వాత ఒక్కొక్క ఇల్లూ డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు. ఒక ఇంటి స్థలంలో పది ఫ్లాట్లు లేచాయి. పెరడు పార్కింగ్ అయింది, నుయ్యి పూడ్చేశారు, ముందున్న మట్టి మీద టైల్స్ పరిచారు. పదింతల మనుషులు వచ్చినా పలకరింపులు అంతగా పెరగలేదు. అలాగని అంతా పోయిందని వాపోవడానికి నేను రాలేదు. మా అపార్టుమెంటు మేడ మీద ఇద్దరు ఆడవాళ్లు పాత పెయింటు డబ్బాల్లో తోటకూర, బచ్చలి, పుదీన పెంచుతున్నారు. ఆ ఆకుకూర ఇప్పుడు లిఫ్టులో పైకీ కిందకీ తిరుగుతోంది. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో బళ్లు ఆపేస్తే ఊరంతా నడకకు వస్తుంది. 1999లో మొదలైన రైతు బజార్లలో ఈ రోజుకీ వంకాయ బేరంతో మొదలైన మాట వియ్యపువారి యోగక్షేమాల దాకా పోతుంది. ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం గిరి ప్రదక్షిణకు లక్షలమంది 32 కిలోమీటర్లు నడుస్తారు. వానలో తడుస్తూ నడిచేవాళ్లకు దారి పొడవునా మజ్జిగ, మంచినీళ్లు, పులిహోర ఇచ్చేవాళ్లు ఎవరు? ఆ వీధులవాళ్లే. మనలో ఆ గుణం ఎక్కడికీ పోలేదు. దానికి ఒక వంక, ఒక చోటు కావాలి. అంతే.

ఇక 2014 అక్టోబరు 12 సంగతి. ఆదివారం. ఊళ్లో ఉన్నవాళ్లెవరూ మరిచిపోరు. మనకు వానలు జూన్‌లో మొదలైనా అక్టోబరు నెలే గట్టిది. బంగాళాఖాతంలో తుపానులు పుట్టే కాలం అది. హుద్‌హుద్ అన్న పేరు ఒమన్ దేశం ఇచ్చింది, ఒక పిట్ట పేరు. ఆ పిట్ట గంటకు 180 కిలోమీటర్ల వేగంతో మన నెత్తిన వాలింది.

ఒక చిన్న లెక్క చెబుతాను. గాలి వేగం మూడింతలైతే దాని తోపు మూడింతలు కాదు, తొమ్మిదింతలు అవుతుంది. 60 కిలోమీటర్ల గాలిని తట్టుకున్న చెట్టు మీద 180 కిలోమీటర్ల గాలి తొమ్మిదింతల బలంతో పడుతుంది. పైగా తుపాను కన్ను దాటేటప్పుడు కాసేపు గాలి ఆగుతుంది, ఆ తర్వాత ఎదురు దిక్కునుంచి కొడుతుంది. ఒక వైపు ఊగి వేళ్లు వదులైన చెట్టును రెండో వైపునుంచి లాగితే ఏమవుతుంది? మా వీధిలో పందొమ్మిది చెట్లుంటే పదమూడు పడిపోయాయి. మర్నాడు నేను ఒక్కొక్క మొదలు దగ్గరికీ వెళ్లి చూశాను. పడినవాటిలో ఎక్కువ భాగం మొదలు చుట్టూ సిమెంటు బిగించినవి, లేదా పైపుల కోసమో కేబుళ్ల కోసమో ఒక పక్క కందకం తవ్వినప్పుడు వేళ్లు తెగినవి. చెట్టు వేళ్లలో ఎక్కువ శాతం పైన రెండడుగుల మట్టిలోనే పరుచుకుని ఉంటాయి. ఆ రెండడుగులనీ మనం ఎంత తేలిగ్గా తవ్వేస్తామో!

చెట్లు పడ్డాయి, స్తంభాలు పడ్డాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. కరెంటు లేకపోతే బోరు మోటారు తిరగదు, మోటారు తిరగకపోతే మేడ మీది ట్యాంకులోకి నీళ్లు రావు. అయిదు అంతస్తుల భవనాలన్నీ రెండో రోజుకే ఎండిపోయాయి. మా వీధి చివర డెవలప్‌మెంట్‌కి ఇవ్వకుండా మిగిలిపోయిన పాత ఇల్లు ఒకటుంది. అందులో ఒక మామ్మగారు, ఆవిడ నుయ్యి. "ఆ నుయ్యి పూడ్చేయండి, దోమలు వస్తున్నాయి" అని అంతకుముందు ఆవిడకు చెప్పనివాళ్లు లేరు. ఆ వారం ఆవిడ గిలకకు కొత్త తాడు కట్టించి గేటు తీసి పెట్టారు. ఆరు రోజులు మా వీధి వీధంతా ఆ నూతి నీళ్లతోనే గడిపింది. తాగడానికి కాచి వడపోసుకున్నాం. బిందెలతో వరసలో నిలబడ్డప్పుడే, పదేళ్లుగా ఒకే మెట్ల మీద ఎదురుపడుతున్నవాళ్లం ఒకరి పేరు ఒకరు తెలుసుకున్నాం.

ఆ రోజుల్లోనే జరిగిన ఇంకో సంగతి ఈ సభలో చెప్పి తీరాలి. మన బ్యాచిలో ఒకడున్నాడు. పేరు చెబితే లేచి వెళ్లిపోతాడు, అందుకని చెప్పను. అమెరికాలో, బెంగళూరులో ఉన్న మనవాళ్లకు ఇక్కడ అమ్మానాన్నల గొంతు వినపడక రెండు రోజులు తిండి లేదు. వీడు పడిపోయిన చెట్ల మధ్యనుంచి సైకిలు ఎత్తుకుంటూ, నెట్టుకుంటూ ఏడు ఇళ్లకు వెళ్లాడు. ఒక్కొక్క ఇంట్లో వాళ్లు ఎలా ఉన్నారో, ఏ మందులు అయిపోయాయో కాగితం మీద రాసుకుని, ఫోను పనిచేసే చోటు వెతుక్కుని అందరికీ కబురు పెట్టాడు. మన మాస్టారు ఒకరికి ఇన్సులిన్ అందింది వాడి కాగితం వల్లే. వాడి దగ్గర ఉన్నదల్లా ఏడు ఇళ్ల దారి. బడి రోజుల్లో ఆ ఇళ్లన్నిట్లో అన్నం తిన్నాడు కాబట్టి తెలిసిన దారి.

తుపాను తర్వాత పదకొండో రోజు దీపావళి. ఎండిన కొమ్మలు, ఆకులు వీధుల్లో గుట్టలుగా ఉన్నాయి. నిప్పురవ్వ పడితే చాలు. మా వీధిలో పిల్లలు టపాసులు కాల్చకుండా దీపాలు మాత్రం పెట్టారు. కొండలన్నీ మంటల్లో కాలినట్టు గోధుమ రంగుకు తిరిగి ఉన్నాయి. కొన్ని వారాలకు మోడు వేప కొమ్మకి ఎర్రటి చిగురు వచ్చింది. వీధిలో అందరూ పనిమాలా వెళ్లి చూసి వచ్చారు.

పోయిన పచ్చదనం త్వరగా తిరిగి రావాలని తొందరగా పెరిగే మొక్కలు ఊరంతా నాటారు. వాటిలో ఏడాకులపాయ ఒకటి. నీడ బాగా ఇస్తుంది, పశువులు ముట్టవు, చూస్తుండగానే పెరుగుతుంది. కాని అక్టోబరు దాటాక అది పూసినప్పుడు ఆ ఘాటు వాసనకు తలనొప్పి, ఆయాసం అని బాధపడేవాళ్లు ఏటా కనిపిస్తున్నారు. అందుకే మొక్క ఎంపికలో తొందర పనికిరాదు. మన తీరానికి అలవాటైన వేప, కానుగ, పొగడ, నేరేడు, పొన్న ఉండగా కొత్తవాటి కోసం వెతుక్కోనక్కరలేదు. నాటేటప్పుడు ఇంకో జాగ్రత్త. పాలిథిన్ సంచిలో ఎక్కువకాలం పెరిగిన మొక్కకు వేళ్లు చుట్టలు చుట్టుకుంటాయి. ఫోటోలో ఎత్తుగా కనపడుతుందని అలాంటి మొక్కను తెస్తే, పెద్దయ్యాక దాని పట్టు తక్కువ. చిన్న మొక్క తెచ్చి మూడేళ్లు నీళ్లు పోయడం మేలు.

ఇప్పుడు నా మనవి.

స్వర్ణోత్సవ నిధితో చేయదగ్గ పనుల జాబితా మనందరికీ పంచారు. మంచి జాబితా. గ్రంథాలయం, కంప్యూటర్లు, ఆడపిల్లలకు మరుగుదొడ్లు, అన్నిటికీ నా ఓటు ఉంది. ఒక్క అయిదో అంశం దగ్గర ఆగాను. మైదానం మొత్తానికి టైల్స్ పరచడం. వానాకాలంలో బురద అవుతోందని, సభలప్పుడు కార్లు పెట్టుకోవడానికి వీలుంటుందని ఆ ఆలోచన వచ్చింది. ఇబ్బంది నిజమే. కాని లెక్క చూడండి. మన మైదానం సుమారు ఒక ఎకరం. దాని మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్ల నీళ్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లలో పోస్తే 80 ట్యాంకర్లు. ఈ రోజున అందులో మంచి భాగం మన ఎర్రమట్టిలోకి ఇంకుతోంది. టైల్స్ వేస్తే దాదాపు అంతా గేటు దాటి కింది వీధిలో ఇళ్లలోకి పోతుంది. ఇప్పటికే గట్టి వాన కురిస్తే జ్ఞానాపురం లాంటి పల్లపు చోట్ల మోకాలిలోతు నీళ్లు నిలుస్తున్నాయి. మన బురద పోగొట్టుకోవడానికి పక్కవాళ్ల ఇంట్లోకి నీళ్లు పంపడం మన బడి నేర్పిన పద్ధతి కాదు.

దానికి బదులు గేటునుంచి మెట్ల దాకా ఆరడుగుల బాట వేద్దాం, పిల్లల బూట్లకు బురద అంటదు. నీళ్లు పల్లానికి పోయే మూల ఒక ఇంకుడు గుంత తవ్విద్దాం. సైన్సు గది వెనక మూతవేసిన నుయ్యికి పూడిక తీయించి, పైన గట్టి ఇనుప జాలీ బిగించి, గిలక పెట్టిద్దాం. గోడవార బ్యాచికో చెట్టు. ఆ చెట్టు బాధ్యత మూడేళ్లు ఆ బ్యాచిది. టైల్స్‌కు అనుకున్న సొమ్ములో ఇదంతా అవుతుంది. డ్రాయింగులు, పని పర్యవేక్షణ నావి, రూపాయి అక్కరలేదు.

మొక్కతోపాటు ఇంకొకటి కూడా అడుగుతున్నాను. ప్రతి బ్యాచీ ఒక కాగితం రాసిపెట్టుకోవాలి. ఈ ఊళ్లో ఒంటరిగా ఉంటున్న మన మాస్టార్లు, టీచర్లు, బయట ఊళ్లలో ఉన్నవాళ్ల అమ్మానాన్నలు ఎవరెవరు, ఇల్లెక్కడ, ఏ మందులు వాడుతున్నారు, గాలివాన వస్తే వాళ్ల తలుపు తట్టేది ఎవరు. ఫోనులో కాదు, కాగితం మీదే రాయండి. ఎందుకో మీకు చెప్పనక్కరలేదు. ఏడాదికోసారి ఆ ఇళ్లకు వెళ్లి ఒక కాఫీ తాగి, కాగితం సరిచేసుకుని రండి.

తుపానులు వస్తూనే ఉంటాయి. అవి వచ్చేదాకా ఆగి మట్టినీ, నూతినీ, పొరుగువాళ్లనూ సంపాదించుకోలేం. తీర్మానం మధ్యాహ్నం భోజనాల తర్వాత ఉంది. చేయి ఎత్తేముందు ఒకసారి బయటికి వెళ్లి మైదానంలో నిలబడి చూడండి. రెండు దాటేసరికి గాలి కూడా వస్తుంది.