పాత టోకెన్ పెట్టె



వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో నిజాం రైలు వచ్చింది. 1951లో అది మధ్య రైల్వేలో, 1966లో దక్షిణ మధ్య రైల్వేలో చేరింది. పేర్లు మారేకొద్దీ పాత సామాను తుక్కుకు పోయింది.

మ్యూజియం కోసం తెచ్చిన ఒక నీల్స్ టోకెన్ పెట్టెను కుర్రాళ్లు శ్రద్ధగా తోమారు. కాని అదెందుకో చెప్పలేకపోయారు! అవతలి స్టేషను మాస్టరు ఒప్పుకుంటేనే ఇవతల ఇనుప బంతి వచ్చేది. ఒకటి బయటుంటే రెండోది రాదు. ఒంటి లైనులో బళ్లు ఎదురెదురు రాకుండా ఆపింది అదే.

రంగు ఎవరైనా వేస్తారు. నేను గుమాస్తాను, నాకు కాగితాలే తెలుసు. దాన్ని వాడినవారు ఈ సభలోనే ఉన్నారు, ఎనభై దాటారు. ఆదివారం వచ్చి చెప్పండి, నేను రాసుకుంటాను.