పప్పు సుబ్బారావు గారు: ఒక తండ్రి, ఒక ఇంజనీరు

(బెంగళూరులో జరిగిన ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊళ్ళో ఇంజనీరు అనగానే ఎవరికైనా మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారే గుర్తుకొస్తారు. ఆయన గురించి మీరు స్కూల్లోనే చదివి ఉంటారు. అందుకని ఈ రోజు అంతగా ఎవరూ తలుచుకోని ఇంకొక తెలుగు ఇంజనీరు గురించి చెబుతాను. ఆయన పప్పు సుబ్బారావు గారు. మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు ప్రొఫెసరు. ఆయన పేరు ఈ రోజు వినబడుతోందంటే అది కూతురు లలిత గారి వల్ల. మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత గారే ఆమె.

సుబ్బారావు గారిని నేను దేవుణ్ణి చేయబోవడం లేదు. ఆయనకు ఏడుగురు పిల్లలు. మగపిల్లలు ఇంజనీర్లయ్యారు, ఆడపిల్లలకు బడి చదువుతో సరిపెట్టారు. 1919లో పుట్టిన లలితకు 1934లోనే పెళ్ళి చేశారు. ఆడపిల్లకు పద్నాలుగేళ్ళు నిండితే చాలని అప్పటి శారదా చట్టం. అయితే పెళ్ళయ్యాక కూడా ఎస్సెస్సెల్సీ దాకా చదివించారు. అది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, తర్వాత కథంతా దాని మీదే నిలబడింది.

1937లో లలితకు పాప పుట్టింది. నాలుగు నెలలకే భర్త పోయారు. పద్దెనిమిదేళ్ళ వయసు, ఒళ్ళో పసిబిడ్డ. ఆ రోజుల్లో భర్త పోయిన ఆడపిల్ల బతుకు ఎలా ఉండేదో ఇక్కడున్న పెద్దవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. తండ్రి ఆమెను మళ్ళీ చదువులో పెట్టారు. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియెట్ ఫస్టు క్లాసులో పాసయ్యారు. డాక్టరు చదవవచ్చు గాని, రాత్రీ పగలూ ఆస్పత్రికి పరుగెత్తాలి, బిడ్డను ఎవరు చూస్తారు? పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికి రాగల ఉద్యోగం కావాలి. అలా ఇంజనీరింగు అనుకున్నారు.

చిక్కేమిటంటే గిండీలో అప్పటి వరకు ఆడపిల్లలే లేరు. సుబ్బారావు గారు ప్రిన్సిపాల్ కె.సి.చాకో గారితోనూ, ప్రభుత్వ విద్యాశాఖ డైరెక్టరు స్టాథం గారితోనూ మాట్లాడి ఒప్పించారు. 1940లో లలిత చేరారు. అన్ని వందల మంది అబ్బాయిల మధ్య ఒక్క అమ్మాయి! అబ్బాయిలతో ఇబ్బందేమీ లేకపోయినా హాస్టల్లో ఒంటరితనం పీడించింది. పాప బంధువుల ఇంట్లో పెరుగుతోంది, చూడాలంటే వారాంతం రావాలి.

ఇక్కడే నాకు ఆ తండ్రి మీద ఎక్కువ గౌరవం కలుగుతుంది. కూతురిని ఇంటికి తెచ్చేసుకోలేదు. ఆడపిల్లలను చేర్చుకుంటామని కాలేజీ చేత ప్రకటన వేయించారు. లీలమ్మ జార్జి, పి.కె.థ్రెస్యా అనే ఇద్దరు సివిల్ ఇంజనీరింగులో చేరారు. యుద్ధకాలం కాబట్టి కోర్సు కుదించారు, ముగ్గురూ కలిసే బయటికొచ్చారు. లలిత గారి డిగ్రీ పత్రం మీద ‘హి’ అని అచ్చయి ఉంటే దాన్ని కొట్టేసి ‘షి’ అని రాయాల్సి వచ్చింది. ఆడవాళ్ళకు డిగ్రీ ఇవ్వాల్సి వస్తుందని అచ్చువేసినవాళ్ళు అనుకోలేదు మరి.

తర్వాత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ, సిమ్లాలో ఉద్యోగం. కొన్నాళ్ళు తండ్రి పరిశోధనలకు సాయపడ్డారు. కరెంటుతో పలికే వాద్యం, పొగ రాని పొయ్యి లాంటివి ఆయన పేటెంట్లు. ఆ తర్వాత కలకత్తాలో ఏఈఐ కంపెనీ. భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ లైన్ల డిజైనులో ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సమావేశానికి వెళ్ళారు. 1979లో కన్నుమూశారు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఉద్యోగం చేస్తూ పాపను పెంచారు, అన్నదమ్ముల కుటుంబాలు తోడు నిలిచాయి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మన ట్రస్టు దరఖాస్తులు చూసే పని కొన్నేళ్ళుగా నా మీద ఉంది. రెండో ఏడాది రెన్యువల్‌కు రాని అమ్మాయిల ఇళ్ళకు ఫోన్ చేస్తాను. మార్కులు తగ్గాయనే మాట అరుదుగా వింటాను. “సంబంధం కుదిరిందండీ” అంటారు, అంతే. కొందరైతే, పెళ్ళైపోతే డబ్బు ఆపేస్తారు కదా అని మమ్మల్నే అడుగుతారు.

ఆపం. ఈ ఏడాది కమిటీలో ఇది మాట్లాడుకున్నాం. కాలేజీలో పేరు ఉన్నంతకాలం, పాసవుతున్నంతకాలం ఉపకార వేతనం వస్తుంది. ఇంటిపేరు మారినా, ఊరు మారినా, కాలేజీ మారినా ఫారంలో రాసి పంపండి. మధ్యలో ఒక ఏడాది కాన్పు కోసం ఆగితే, తిరిగి చేరినప్పుడు మళ్ళీ మొదలుపెడతాం. ఫారాలు భోజనాల హాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి, నేనూ అక్కడే ఉంటాను.